దారిఖర్చు

లస్మక్క పొద్దున్నే వచ్చి
నా బల్ల మీద ఒక గుడ్డు పెట్టింది.
"పగలగొట్టి చూడు" అంది.
చూడలేదు, వాసనే చెప్పింది.
పొదిగే పెట్టెలో ఇరవై ఒక్క రోజులుంచిన
అరవై గుడ్లలో అది నా వాటా అట.

"నువ్వు చుట్టిన కాయిలు దొంగది."
అంకీసా బస్సు ఆగే చోట టీ తాగేవాళ్లంతా
గ్లాసులతో సహా నా షాపు ముందుకు జరిగారు.

కాయిలు బయటికి లాగి
మీటరు ముళ్లు రెండు కొసలకీ ఆనించాను.
నూట ఇరవై ఓములు.
చుట్టిన రోజు ఎంతో ఇవాళా అంతే.
నిక్రోము తీగ మాట తప్పలేదు.
మరి తప్పిందెవరు?

పదో తరగతిలో భోయర్ గురూజీ
మరాఠీలో పాడినట్టు చెప్పేవాడు:
విభవాంతర్ భాగిలే విద్యుత్‌ధారా, వచ్చేది రోధ్.
వెనక బెంచీలో మేం తెలుగులో నవ్వుకునేవాళ్లం,
భాగాలు పంచాక మిగిలేది రోదనే కదా అని.

సాయంత్రం లస్మక్క ఇంటికి పోయి
ప్లగ్గులో ముళ్లు పెట్టాను.
రెండు వందల నలభై ఉండాల్సిన చోట నూట ఎనభై.
తీగలో నడిచేది ఆంపియరున్నర.
గుణిస్తే రెండు వందల డెబ్భై వాట్లు.
నేను చుట్టింది నాలుగు వందల ఎనభైకి.

వోల్టు తగ్గింది పావు వంతే అక్కా,
వేడి మాత్రం సగం దాకా పోయింది.
వోల్టు తగ్గితే కరెంటూ తగ్గుతుంది,
రెండు తరుగులూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి.

కాసేపు ఆలోచించింది.
"మిర్చి ఏరేకాడ కూలీ తగ్గించి
పని దినాలు సుత తగ్గించినట్టా?"
అంతే.
నా ఐటీఐ రెండేళ్లలో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

"మరి ఆ అరవై వోల్టులు ఎవడు తిన్నడు?"

దారిఖర్చు.
సిరొంచా నుంచి వచ్చే తీగకీ నిరోధం ఉంది.
చేలల్లో మోటర్లన్నీ ఒక్కసారి లాగుతుంటే
స్తంభం స్తంభానికీ కొంచెం కొంచెం
తీగలోనే వేడైపోతుంది.
నీ గుడ్లకు చేరాల్సిన వెచ్చదనం
తీగ మీద వాలిన పిట్టల కాళ్ల కింద ఖర్చయింది.

ఆమె తీగ వైపు చూసింది.
పిట్టల్ని తిట్టలేదు.

రెండో కాయిలు చుట్టాను, మొదటి దాని పక్కనే,
దారి పక్కన దారిలా.
నిరోధం అరవైకి దిగింది.
మూడు ఆంపియర్లు, ఐదు వందల నలభై వాట్లు.
పెట్టెలో థర్మామీటరు ముప్పై ఏడు దాటి నిలబడింది.

గెలిచాననుకున్నాను.
రాత్రి పదకొండుకి మోటర్లు ఆగాయి.
గోడ మీది బల్బు ఎర్ర మొహం కడుక్కుని తెల్లబడింది.
నలభై మళ్లీ వచ్చి రెండు వందల పక్కన కూర్చుంది.
నాలుగు ఆంపియర్లు. తొమ్మిది వందల అరవై.
ఇంకో గంటుంటే గుడ్లు పొదిగేవి కావు, ఉడికేవి.
చెమటతో పరిగెత్తి రెండో కాయిలుకి స్విచ్చి పెట్టాను.

మర్నాడు పెట్టె తలుపు మీద
సుద్దముక్కతో వంకర అక్షరాలు:
బల్బు ఎర్రగుంటే రెండు
తెల్లగుంటే ఒకటి.
ఓం సూత్రానికి ఇంత పొట్టి రూపం
నేనెక్కడా చదవలేదు.

ఈసారి నలభై ఒక్క పిల్లలు.
కిచకిచల బుట్ట చంకనెత్తుకుని వచ్చి అడిగింది:
"నడుమ ఒక రాత్రి బల్బు పసుప్పచ్చగుండె,
ఎరుపూ గాదు, తెలుపూ గాదు.
గప్పుడేం చెయ్యాలె?"

సిగరెట్టు పెట్టె వెనక లెక్క మొదలెట్టాను.
రెండు వందల పది అనుకుంటే
ఒక్క కాయిలు చాలదు, రెండూ ఎక్కువ.
కొట్టేసి మళ్లీ రాస్తున్నాను.

"నేనైతే రెండు ఏసి,
తలుపు ఏలెడు తీసి కూసున్న,
తెల్లారేదాక" అంది.

ఆ వేలెడు సందుకి
ఏ అక్షరం పెట్టాలో
ఇంకా తెలియలేదు.